డాక్టరమ్మకు ఉత్తరాలు: ఒళ్ళంతా నొప్పులు, రిపోర్టులన్నీ నార్మల్

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు నొప్పి గురించే. ఒడిశాలోని మన బరంపురంలో నేను ముప్ఫై ఏళ్ళకు పైగా చూసిందీ, చదివిందీ, రాసుకున్నదీ ఆ నొప్పి గురించే. అందుకని షుగరు, బీపీ ఉత్తరాలను వచ్చే సంచికకు ఉంచి ఈ నాలుగింటికే జవాబిస్తున్నాను. అడిగినవారి పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: డాక్టరమ్మగారికి నమస్కారం. నా వయసు 43. మూడేళ్ళుగా మెడ, భుజాలు, నడుము, తుంట్లు, మోకాళ్ళు అన్నీ నొప్పులే. పొద్దున లేచేసరికి రాత్రంతా పిండి రుబ్బినట్టు అలసట. రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు, నడుముకి ఎంఆర్‌ఐ చేయించాం. అన్నీ నార్మల్. విశాఖపట్నంలో ఒక డాక్టరు ఫైబ్రోమయాల్జియా అన్నారు. "రిపోర్టులో లేని రోగం నీ ఒంట్లోకి ఎక్కడినుంచి వచ్చింది" అని మా అత్తగారు అంటున్నారు. ఒక్కోసారి నాకే అనుమానం వస్తోంది. ఇది నిజంగా జబ్బేనా?
- ఒక గృహిణి, పర్లాకిమిడి

జవాబు: జబ్బేనమ్మా. మీ నొప్పి మీద మీరు అనుమానం పెట్టుకోవద్దు.

ఎక్స్‌రే ఎముకను చూపిస్తుంది, ఎంఆర్‌ఐ డిస్కునీ కండరాన్నీ చూపిస్తుంది, రక్తపరీక్ష వాపును పట్టుకుంటుంది. ఆ మూడింటిలో ఏదీ నొప్పిని చూపించదు. మీ జబ్బు ఉన్న చోటు వేరు. నోరు పూసినప్పుడు పెరుగన్నం తిన్నా భగ్గున మండుతుంది కదా. అన్నంలో కారం లేదు. అలాగని ఆ మంట అబద్ధమా? ఫైబ్రోమయాల్జియాలో అలా పూసిపోయింది నొప్పి కబురు మోసే దారి అనుకోండి: వెన్నుపాము, మెదడు. మామూలు ఒత్తిడి, మామూలు పని, చల్లగాలి, ఒక్కోసారి బిగుతు జాకెట్టు కూడా అక్కడికి చేరేసరికి నొప్పి అయిపోతుంది.

దీన్ని ఊహించి చెప్పడం లేదు. 2002లో అమెరికాలో రిచర్డ్ గ్రేస్లీ, డేనియల్ క్లావ్ బృందం ఈ జబ్బు ఉన్న 16 మందినీ, లేని 16 మందినీ స్కానింగులో పడుకోబెట్టి బొటనవేలి గోరు మీద కొలిచిన ఒత్తిడి పెట్టారు. జబ్బు ఉన్నవారికి కొద్ది ఒత్తిడికే మెదడులో నొప్పి ప్రాంతాలు పనిచేయడం మొదలుపెట్టాయి. మిగతావారిలో అంత స్పందన రావాలంటే చాలా గట్టిగా నొక్కాల్సి వచ్చింది. నటిస్తే మెదడులో రక్తప్రసారం అలా మారదు. ఈ మాట మీ అత్తగారికి చదివి వినిపించండి. ఆవిడ చెడ్డవారని నేను అనుకోవడం లేదు. కనబడే దెబ్బనే నమ్మడం మనందరికీ అలవాటు. డాక్టర్లం మేమూ చాలాకాలం అలాగే ఉన్నాం.

అయితే పేరు పెట్టేముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. థైరాయిడ్, విటమిన్ డి, హిమోగ్లోబిన్, ఒంట్లో వాపును పట్టే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ చేశారో లేదో మీ ఫైల్లో వెతకండి. మన గంజాం, గజపతి, కొరాపుట్ వైపు సికిల్ సెల్ అనే, వంశంలో వచ్చే రక్తపు జబ్బు ఉంది. ఇంట్లో ఎవరికైనా ఉంటే ఆ పరీక్ష కూడా తప్పదు. చికున్‌గున్యా వచ్చి తగ్గాక నెలల తరబడి కీళ్ళ నొప్పులు ఉండిపోతాయి, అదీ డాక్టరుకి చెప్పాలి. కీళ్ళు వాచినా, జ్వరం వస్తున్నా, బరువు తగ్గుతున్నా, కాలో చెయ్యో పట్టు తప్పుతున్నా అది ఫైబ్రోమయాల్జియా అని సరిపెట్టుకోకుండా మళ్ళీ చూపించుకోండి. ఈ జబ్బు ఉన్నవాళ్ళకి వేరే జబ్బు రాకూడదని ఎక్కడా లేదు.

ఇక నడక. 2017లో యూరప్ కీళ్ళ వైద్యుల సంఘం వైద్యాలన్నీ పరిశీలించి గట్టిగా సిఫారసు చేసింది ఒక్క వ్యాయామాన్నే. అలాగని రేపు పొద్దున్నే గంటసేపు నడిచి, ఎల్లుండి మంచం ఎక్కకండి. నా దగ్గరికి వచ్చిన ఆడవాళ్ళలో చాలామంది చేసిన పొరపాటు అదే. ఐదు నిమిషాలతో మొదలుపెట్టండి. ఒంట్లో బాగున్న రోజూ ఐదే, బాగులేని రోజూ ఐదే. రెండు వారాలు ఆగి ఇంకో రెండు నిమిషాలు కలపండి. బాగున్నాను కదా అని ఒక్కరోజులో ఇల్లంతా దులిపి, బట్టలన్నీ ఉతికేయడం కూడా వద్దు.

ప్రశ్న: నా భార్యకి ఫైబ్రోమయాల్జియా అని చెప్పి డ్యులాక్సెటిన్ అనే మందు రాశారు. ఫోన్లో చూస్తే డిప్రెషన్ మందు అని ఉంది. చీటీ చూసిన మా అన్నయ్య "ఇది పిచ్చి మందురా" అన్నారు. అప్పటినుంచి ఆమె మందు వేసుకోకుండా ఏడుస్తోంది. ఆపేయమంటారా?
- ఒక ఉద్యోగి, రాయగడ

జవాబు: బాబూ, మీ అన్నగారికి తెలియక అన్నారు. ఆస్పిరిన్ ఒకప్పుడు తలనొప్పి మాత్ర, ఇప్పుడు గుండె జబ్బువాళ్ళు వేసుకుంటున్నారు. మందు ఒకటే, పని వేరు. మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే కొన్ని నరాలు పైకి వచ్చే నొప్పిని అదుపు చేస్తుంటాయి. ఆ పనికి అవి వాడుకునే రసాయనాలు సెరటోనిన్, నార్‌అడ్రినలిన్. మనసు దిగులుకీ అవే సంబంధించినవి కాబట్టి ఆ మందు రెండు చోట్లా పనికొస్తోంది. అమెరికాలో ఈ జబ్బుకని ప్రత్యేకంగా అనుమతి పొందిన మొదటి మందు ప్రిగాబలిన్, 2007లో. డ్యులాక్సెటిన్‌కి 2008లో, మిల్నాసిప్రాన్‌కి 2009లో అనుమతి వచ్చింది. రాత్రి పూట తక్కువ మోతాదులో ఇచ్చే అమిట్రిప్టిలిన్ అంతకన్నా పాతది, చవక కూడా.

ఈ మందులు అందరికీ పనిచేయవు, పనిచేసినా నొప్పి మొత్తం పోదు. మొదటి వారాల్లో వికారం, నోరు ఎండిపోవడం ఉండొచ్చు. అన్నం తిన్నాక వేసుకుంటే కొంత నయం. వేరే ఏ మందులు వాడుతున్నా డాక్టరుకి చెప్పాలి. కొన్నాళ్ళు వాడాక మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకూడదు.

ఆమెకి దిగులు కూడా ఉంటే? ఉండొచ్చు. ఎప్పుడూ నొప్పితో, దానిమీద నమ్మనివాళ్ళ మధ్య ఉంటే ఎవరికైనా దిగులు పుడుతుంది. దానికీ వైద్యం ఉంది, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఈసారి ఆసుపత్రికి ఆమెతో మీరూ వెళ్ళండి. బయట కుర్చీలో కూర్చోకుండా లోపలికి వెళ్ళి, డాక్టరు చెప్పేది ఇద్దరూ కలిసి వినండి. మొగుడు పక్కన కూర్చున్న రోజున నా పేషెంట్లు నాలుగు మాటలు ఎక్కువ చెప్పేవారు.

ప్రశ్న: నేను టైలర్ని. నడుము, భుజాల నొప్పికి మెడికల్ షాపులో కాగితంలో కట్టి ఇచ్చే మూడు రకాల మాత్రలు రోజూ వేసుకుంటున్నాను. రెండేళ్ళయింది. వేసుకోకపోతే మిషను ముందు కూర్చోలేను. ప్రమాదమా?
- చికిటి నుంచి

జవాబు: ప్రమాదమే అన్నా. ఆ కాగితంలో మామూలుగా ఒకటి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర, ఒకటి గ్యాస్ మాత్ర ఉంటాయి. మూడోది స్టెరాయిడ్ అయి ఉండొచ్చని నా భయం. నొప్పి మాత్రలు రోజూ వేసుకుంటే కడుపులో పుండు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. మీకు కూతవేటు దూరంలో ఉన్న ఉద్దానంలో ఇంటింటా కిడ్నీ జబ్బు చూస్తున్నాం, దానికి అసలు కారణం ఇంకా తేలలేదు. అలాంటి చోట కిడ్నీ మీద మనమే ఇంకో భారం పెట్టుకోవడం ఎందుకు? ఈ వారమే క్రియాటినిన్, మూత్రపరీక్ష చేయించండి. మాత్రలు ఖాళీ రేపరుతో సహా డాక్టరుకి చూపించండి. ఒకవేళ స్టెరాయిడ్ ఉంటే హఠాత్తుగా ఆపడం కూడా ప్రమాదం, మెల్లగా తగ్గించాలి. అందుకని ఇది చదివి రేపే మానేయకండి, ముందు చూపించుకోండి.

ప్రశ్న: మాది బరంపురమే. వేరే ఊళ్ళో ఎండీ మెడిసిన్ రెండో సంవత్సరం చదువుతున్నాను. థీసిస్‌కి ఫైబ్రోమయాల్జియా తీసుకుంటానంటే "అదొక సబ్జెక్టా, కొలవడానికి ఏముంది అందులో" అన్నారు మా పెద్దలు. ఇంట్లో కార్డియాలజీ అంటున్నారు. మీరు జీవితమంతా దీనిమీదే ఎలా పనిచేశారు? పశ్చాత్తాపం లేదా మేడమ్?
- ఒక వైద్య విద్యార్థిని

జవాబు: తల్లీ, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పశ్చాత్తాపం ఉంది. అది ఈ దారిలోకి వచ్చినందుకు కాదు, ఆలస్యంగా వచ్చినందుకు.

1986లో నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఓపీకి ఒక నేతకారుల ఇంటి ఆవిడ వచ్చేది. మొగుడు పట్టు నేస్తే ఈవిడ కండెలు చుట్టేది, సాయంత్రం అప్పడాలు ఒత్తేది. "ఒళ్ళంతా తడిబట్ట పిండినట్టుందమ్మా" అనేది. నొక్కి చూశాను, వాపు లేదు. రక్తపరీక్ష బాగుంది. "నీకేం లేదమ్మా" అని బి కాంప్లెక్స్ రాశాను. నాలుగుసార్లు వచ్చింది, నాలుగుసార్లూ అదే రాశాను. తర్వాత రాలేదు. తగ్గిపోయిందనుకున్నాను. రెండేళ్ళ తర్వాత ఠాకురాణి జాతరలో కనబడి తనే పలకరించింది. ఎలా ఉందని అడిగితే, "అలాగే ఉంది. మీరు ఏం లేదన్నారు కదా, అప్పటినుంచి ఇంట్లో చెప్పడం మానేశాను" అంది. కోపంగా అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు లైబ్రరీకి వెళ్ళాను. నా పని అలా మొదలైంది.

అక్కడ చదివితే తెలిసింది, నేను చేసిన తప్పు నాకన్నా పెద్దవాళ్ళు చాలామంది చేశారని. 1904లో లండన్‌లో విలియం గోవర్స్ దీనికి ఫైబ్రోసైటిస్ అని పేరు పెట్టాడు, కండరాల పీచులో వాపు ఉందనుకుని. ఆ తర్వాత దశాబ్దాల పాటు కండరం ముక్కలు కోసి వెతికారు. వాపు కనబడలేదు. వాపు లేదు కాబట్టి జబ్బే లేదన్నారు. వెతికిన చోటు తప్పేమో అని ఆగి ఆలోచించినవాళ్ళు తక్కువ.

అలా ఆలోచించినవాళ్ళలో నాకు అందరికన్నా ఇష్టమైనవారు టొరంటోలోని హార్వే మోల్డోఫ్స్కీ, హ్యూ స్మైత్. వాళ్ళు నిద్రని చూశారు. గాఢనిద్రలో ఉండాల్సిన సమయంలో ఈ రోగుల మెదడులో మెలకువ తరంగాలు కలుస్తున్నాయని 1975లో చూపించారు. అంతటితో ఆగకుండా ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లను గాఢనిద్రలోకి జారనివ్వకుండా శబ్దంతో కదిలిస్తూ కొన్ని రాత్రులు ఉంచితే, వాళ్ళకీ ఒళ్ళు నొప్పులు వచ్చాయి. నిద్ర పట్టకపోవడం నొప్పివల్లే అని అందరం అనుకుంటాం. నిద్ర చెడినా నొప్పి పుడుతుందని వాళ్ళు చూపించారు. అది చదివాక నేను అడిగే మొదటి ప్రశ్న మారిపోయింది. "ఎక్కడ నొప్పి" అనేదాన్ని, "రాత్రి ఎలా పడుకున్నావమ్మా" అనడం మొదలుపెట్టాను. ఆ ఒక్క ప్రశ్నకే కొందరు కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు.

కొలవడానికి ఏముంది అన్నారు కదా మీ పెద్దలు. 1981లో ఇల్లినాయ్‌లో మహమ్మద్ యూనస్ 50 మంది రోగులనూ, అదే వయసులో ఉన్న 50 మంది ఆరోగ్యవంతులనూ పక్కపక్కన పెట్టి లక్షణాలు పోల్చాడు. 1990లో అమెరికా కీళ్ళ వైద్యుల కాలేజీ కొలత ఇచ్చింది: మూడు నెలలుగా ఒంటి అన్ని వైపులా నొప్పి, ఒంటిమీద 18 చోట్ల 4 కిలోల బరువుతో నొక్కితే కనీసం 11 చోట్ల నొప్పి. ఆ 4 కిలోలు బొటనవేలికి తెలియాలి కదా. మా దగ్గర పరికరం లేదు. బడాబజారులో ఒక కిరాణా కొట్టాయన పాత స్ప్రింగు త్రాసు ఇస్తే, రోజూ రాత్రి భోజనాలయ్యాక దానిమీద బొటనవేలు పెట్టి ముల్లు నాలుగు దగ్గరికి వచ్చేదాకా నొక్కడం సాధన చేశాను. నెల రోజులు పట్టింది. ఆ త్రాసు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

తమాషా ఏమిటంటే, 2010లో అదే కాలేజీ ఆ 18 చోట్లను పక్కన పెట్టేసింది. ఒంట్లో 19 చోట్లలో ఎన్ని చోట్ల నొప్పి ఉందో, అలసట, నిద్ర, మతిమరుపు ఎంత ఇబ్బంది పెడుతున్నాయో రోగినే అడిగి లెక్క వేయమంది. రెండు కొలతలనూ ముందుండి తయారుచేసింది ఒక్కరే, ఫ్రెడరిక్ వుల్ఫ్. ఆయనే తర్వాత ఈ జబ్బుకి విడిగా పేరు ఉండాలా అని ప్రశ్నించాడు. నాకు ఆ వాదన నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. పేరు దొరికాక నా పేషెంట్లలో కొందరు మొదటిసారి తలెత్తి మాట్లాడటం నేను చూశాను. కానీ తను కట్టినదాన్నే తను ప్రశ్నించగలిగినవాడిని చూసి నేర్చుకోవాల్సింది ఉంది. నీ థీసిస్‌లో ఆయన పేపర్లు రెండు వైపులవీ చదువు.

నేను చేసిన పని చిన్నది. మాంట్రియల్‌లో రొనాల్డ్ మెల్జాక్ 1975లో నొప్పిని చెప్పే 78 మాటలను 20 గుంపులుగా చేసి ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. అది చూడగానే నాకు మా ఓపీ గుర్తొచ్చింది. మన ఆడవాళ్ళు తెలుగులో చెబుతారు, డాక్టరు ఒరియా వాడైతే పక్కనున్న ఆయా అనువాదం చేస్తుంది, కేస్ షీటులో ఇంగ్లీషులో 'పెయిన్' అని ఒక్క మాట పడుతుంది. ఆవిడ చెప్పింది సలుపు. ఇంకో ఆవిడ చెప్పింది పీకు. పోటు వేరు, తీపు వేరు, లాగడం వేరు, జివ్వుమనడం వేరు. ఒరియాలో పొట్టనొప్పికి "పేట కాటుచి" అంటారు, కోస్తున్నట్టని. ఒళ్ళంతా నొప్పులకి "దేహ హాత ఘొళాబింధా" అని వాళ్ళకి చక్కని మాట ఉంది. ఈ మాటలన్నీ దారిలోనే పోతున్నాయి. అందుకని నేను రోగి అన్న మాట అన్నట్టే రాసుకోవడం మొదలుపెట్టాను: మాట, నిద్ర, చేసే పని. "ఎముకల్లో చీమలు పాకుతున్నాయి", "రోట్లో వేసి దంచినట్టుంది", "భుజం మీద బిందె దించినా బరువు దిగలేదు". సలుపు, మంట అన్నవాళ్ళలో కొందరికి షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నట్టు తేలింది. పొద్దున గంటసేపు వేళ్ళు ముడుచుకోవన్నవాళ్ళలో కీళ్ళవాతం బయటపడింది. మాటని జాగ్రత్తగా వింటే అలా దారులు విడిపోయేవి.

పుణె దగ్గర భిగ్వాన్ అనే ఊళ్ళో 1996లో డాక్టర్ అరవింద్ చోప్రా బృందం ఇంటింటికీ వెళ్ళి ఒళ్ళునొప్పులు, కీళ్ళనొప్పుల లెక్క తీసింది. ఆసుపత్రికి రాని నొప్పి ఊళ్ళో ఎంత ఉందో మన దేశంలో అలా వెతికినవారు తక్కువ. మన వైపు, ఇటు గంజాం నుంచి అటు కొరాపుట్ దాకా, రెండు మూడు భాషల ఊళ్ళలో ఆ పని చేయడానికి నీకన్నా అనువైనవాళ్ళు ఎవరు? నీకు తెలుగు వచ్చు, ఒరియా వచ్చు.

సబ్జెక్టా అని అడిగినవారికి ఇంకో రెండు సంగతులు చెప్పు. నొప్పి అధ్యయన అంతర్జాతీయ సంఘం 2017లో నోసిప్లాస్టిక్ నొప్పి అనే మూడో రకాన్ని ఒప్పుకుంది: కణజాలానికి దెబ్బా కనబడదు, నరానికి దెబ్బా కనబడదు, నొప్పిని నడిపే పద్ధతే మారిపోయి ఉంటుంది. 2021లో ఆండ్రియాస్ గోబెల్ బృందం ఫైబ్రోమయాల్జియా రోగుల రక్తంలోని యాంటీబాడీలను ఎలుకలకి ఎక్కించింది. ఆ ఎలుకలకి ఒత్తిడి, చలి తట్టుకునే శక్తి తగ్గింది, పట్టు సడలింది. యాంటీబాడీలు పోయాక కోలుకున్నాయి. అంటే నేను ఇన్నాళ్ళూ చెప్పిన 'మెదడు, వెన్నుపాము' కథ సగమే అయి ఉండొచ్చు. ఎలుకలో కనబడింది మనిషిలో నిలబడుతుందో లేదో చూడాలి. నా వయసు అయిపోయింది గానీ, ఆ పేపరు చదివిన రోజు మళ్ళీ విద్యార్థినిని అయితే బాగుండుననిపించింది.

డబ్బు సంగతి కూడా చెబుతాను, దాచడం దేనికి. కార్డియాలజీలో వచ్చే సంపాదన ఇందులో రాదు. ఒక్కో పేషెంటుకి అరగంట పడుతుంది, ఆపరేషన్లు ఉండవు, ఎవరూ పూర్తిగా నయమై పూలదండ వేయరు. ప్రమోషన్ల దగ్గర నన్ను చాలాసార్లు దాటి వెళ్ళారు. ఆ రోజుల్లో బాధపడ్డాను. ఇంట్లోవాళ్ళతో ఈ లెక్క ముందే మాట్లాడుకో.

నా దగ్గర పదకొండు నోట్ పుస్తకాలు ఉన్నాయి. నీకు ఇస్తాను. పత్రిక ఆఫీసుకి రాస్తే కబురు అందుతుంది, సెలవులకి ఇంటికి వచ్చినప్పుడు రా. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటిన రాత్రి మా ఇంటి కిటికీ ఊడిపోయి బీరువా కింది అర తడిసింది. ఇంకు పెన్నుతో రాసిన నాలుగు పుస్తకాలు నీలం మరకలైపోయాయి. వాటిలో ఎవరు ఏమన్నారో ఇప్పుడు నేను కూడా చెప్పలేను. మొదట్లో రాసుకున్న పుస్తకాలు పెన్సిల్‌వి, కాగితం ఉబ్బినా అక్షరం నిలిచింది. ఆ కండెలు చుట్టే ఆవిడ మాట మొదటి పేజీలోనే ఉంది. నువ్వు ఫోన్లో రాసుకుంటావేమో గానీ, ఒక పెన్సిల్ కూడా జేబులో ఉంచుకో.